జాజ్ ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి? 1956–64 మధ్య రికార్డయిన తొమ్మిదింటి పోలిక

జాజ్ వినడం మొదలుపెడదామనుకుంటున్నాను, ఏది వినమంటారు అని అడిగితే చాలామంది నోట వచ్చే పేరు ఒక్కటే: మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. ఆ సలహాలో తప్పేమీ లేదు. అయితే ఆ రికార్డు పెట్టుకుని, "బాగానే ఉంది, హోటల్ లాబీలో వినబడే మ్యూజిక్‌లా ఉంది" అనేసి మళ్లీ జాజ్ జోలికి వెళ్లనివాళ్లు కూడా నాకు తెలుసు. వాళ్లలో రోజూ పాటలు వినేవాళ్లున్నారు, మృదంగం నేర్చుకున్నవాళ్లున్నారు. అదే ఏడాది వచ్చిన ఇంకో రికార్డు వాళ్లకి ముందు దొరికి ఉంటే ఈపాటికి జాజ్ పిచ్చిలో ఉండేవాళ్లని నా గట్టి నమ్మకం.

ఇక్కడ తీసుకున్నవి అమెరికాలో 1956 నుంచి 1964 దాకా రికార్డయిన తొమ్మిది ఆల్బమ్‌లు. వీటికి ర్యాంకులు ఇవ్వబోవడం లేదు. మీ చెవి దేన్ని సులువుగా పట్టుకుంటుందో చూసుకుని, దానికి తగ్గదాంతో మొదలుపెట్టండి. మిగతావి వాటంతట అవే వస్తాయి.

## ముందు చూసుకోవాల్సినవి

మొదటిది ట్యూన్. ఈ రికార్డుల్లో చాలా ట్రాకులు ఒకే పద్ధతిలో నడుస్తాయి. ముందు అందరూ కలిసి అసలు ట్యూన్ వాయిస్తారు. తర్వాత ఆ ట్యూన్ నిడివి ఎంతో అంత ఆవర్తం మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటుంది, దాని మీద ఒక్కొక్కరూ వంతులవారీగా అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. ఆఖర్న మళ్లీ ట్యూన్‌కి వస్తారు. పల్లవి ఎత్తుకుని, కల్పనస్వరాలు వేసి, తిరిగి పల్లవి అందుకోవడం కచేరీల్లో విన్నవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. మధ్యలో దారి తప్పకుండా ఉండాలంటే ఆ మొదటి ట్యూన్ మనసులో నిలవాలి. కొన్ని ఆల్బమ్‌లలో అది ఒక్కసారికే నిలిచిపోతుంది. కొన్నింట్లో చాలాసార్లు వింటే గాని చిక్కదు.

రెండోది లయ. కాలితో తాళం వేసుకోకుండా ఉండలేని మనిషికీ, కళ్లు మూసుకుని వినే మనిషికీ ఒకే రికార్డు చెప్పకూడదు.

మూడోది, మీరు ఎంత ధ్యాస పెట్టగలరన్నది. ఇవన్నీ ఎల్పీల కాలం నాటివి కాబట్టి నిడివి సమస్య కాదు, ముప్పావుగంటకు అటూ ఇటూగా అయిపోతాయి. కానీ కొన్ని పని చేసుకుంటూ విన్నా ఎంతోకొంత ఇస్తాయి, కొన్ని పక్కన కూర్చుంటే తప్ప ఏమీ ఇవ్వవు.

నాలుగోది గొంతు. మాటలు లేని సంగీతం ఎక్కువసేపు వినలేనివాళ్లు చాలామంది ఉంటారు. అది లోపం కాదు. వాళ్లకి వేరే దారి ఉంది.

| ఆల్బమ్ | ఎవరిది | రికార్డయింది | ముందు చెవిన పడేది | ధ్యాస | మొదటి ఆల్బమ్‌గా |
|---|---|---|---|---|---|
| కైండ్ ఆఫ్ బ్లూ | మైల్స్ డేవిస్ | 1959 | నెమ్మది, ఖాళీ | ఎక్కువ | ఓపిక ఉంటే |
| టైమ్ అవుట్ | డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ | 1959 | తాళం | మధ్యస్థం | లయ ఇష్టమైతే తప్పకుండా |
| మోనిన్ | ఆర్ట్ బ్లేకీ, జాజ్ మెసెంజర్స్ | 1958 | ట్యూన్, ఊపు | తక్కువ | దాదాపు అందరికీ |
| శాక్సఫోన్ కొలోసస్ | సానీ రోలిన్స్ | 1956 | శాక్సఫోన్ చమత్కారం | మధ్యస్థం | సరే |
| మింగస్ ఆ ఉమ్ | చార్లెస్ మింగస్ | 1959 | సందడి, ఆవేశం | మధ్యస్థం | హుషారు కావాలంటే |
| ఎల్లా అండ్ లూయీ | ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ | 1956 | రెండు గొంతులు | తక్కువ | పాట కావాలంటే |
| జయంట్ స్టెప్స్ | జాన్ కోల్ట్రేన్ | 1959 | వేగం | ఎక్కువ | రెండో విడతలో |
| ది షేప్ ఆఫ్ జాజ్ టు కమ్ | ఆర్నెట్ కోల్మన్ | 1959 | కట్టుబాట్లు లేని స్వేచ్ఛ | చాలా ఎక్కువ | వద్దు |
| ఎ లవ్ సుప్రీమ్ | జాన్ కోల్ట్రేన్ | 1964 | భక్తి, తీవ్రత | చాలా ఎక్కువ | భజన, ధ్యానం అలవాటుంటే |

## కైండ్ ఆఫ్ బ్లూనా, టైమ్ అవుటా?

ఎక్కువమంది తేల్చుకోలేక ఆగిపోయేది ఈ రెండింటి మధ్యనే. రెండూ 1959లో కొలంబియా కంపెనీకి రికార్డయ్యాయి. రెండూ న్యూయార్క్ 30వ వీధిలో ఒకప్పుడు చర్చిగా ఉన్న స్టూడియోలోనే. అయినా ఒకదానికొకటి పోలికే లేదు.

మైల్స్ డేవిస్ తన బృందంతో మార్చి 2న, ఏప్రిల్ 22న రెండు సిట్టింగుల్లో ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ముగించాడు. ట్రంపెట్ అతనిది. టెనర్ శాక్సఫోన్ జాన్ కోల్ట్రేన్, ఆల్టో శాక్సఫోన్ కానన్‌బాల్ ఆడర్లీ, పియానో బిల్ ఎవాన్స్, ఒక్క ట్రాకులో మాత్రం వింటన్ కెల్లీ. డబుల్ బేస్ పాల్ చేంబర్స్, డ్రమ్స్ జిమ్మీ కాబ్. ట్రాకులు ఐదే. అంతకుముందు జాజ్‌లో వాయిద్యకారుడు గబగబా మారిపోయే కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుత్తులు) వెంట పరిగెత్తాల్సి వచ్చేది. ఇక్కడ డేవిస్ ఆ కార్డ్స్ చాలావరకు తీసేసి, ఒక్కో స్కేలు మీద చాలాసేపు నిలబడమన్నాడు.

మొదటి ట్రాకు ‘సో వాట్’ తీసుకోండి. 16 బార్లు (ఒక బార్ అంటే ఇక్కడ నాలుగు మాత్రలు) ఒక స్కేలు. తర్వాత 8 బార్లు అదే స్కేలు ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది. మళ్లీ 8 బార్లు కిందికి. అంతే, అది తొమ్మిది నిమిషాలకు పైగా తిరుగుతూ ఉంటుంది. పాశ్చాత్యులు ఆ స్కేలుని డోరియన్ అంటారు. దాని స్వరాలు సరిగ్గా మన ఖరహరప్రియవి, అంటే త్యాగరాజస్వామి ‘చక్కని రాజమార్గము’ కట్టిన రాగానివి. గమకాలు వెతక్కండి, అవి ఉండవు. కానీ ఒక రాగంలో నిలిచి దాన్ని విప్పుకుంటూ పోవడమంటే ఏమిటో తెలిసిన చెవికి ఈ రికార్డు సగం పరిచయమైనదే. ఆలాపన వినే అలవాటున్నవాళ్లకి దీన్ని మొదటి ఆల్బమ్‌గా నేను ధైర్యంగా చెప్తాను.

ఈ ట్రాకులో ఒక్క చోటు గమనించండి. ట్యూన్‌ని బేస్ వాయిస్తుంది, పియానో రెండు దెబ్బలతో జవాబిస్తుంది, తర్వాత ఆ జవాబుని ట్రంపెట్, శాక్సఫోన్లు అందుకుంటాయి. అది ముగిసి, ఒకటిన్నర నిమిషం దగ్గర డేవిస్ సోలో మొదలయ్యే క్షణంలో జిమ్మీ కాబ్ సింబల్ మీద ఒక్క దెబ్బ వేస్తాడు. అప్పటిదాకా ఉన్న మెత్తదనానికి అది కాస్త గట్టి దెబ్బే. ఆ మోత ట్రంపెట్ మొదటి స్వరాల కింద అలా సాగుతూనే ఉంటుంది. అక్కడ ఒళ్లు ఝల్లుమంటే ఈ ఆల్బమ్ మీదే. హెడ్‌ఫోన్స్‌తో స్టీరియోలో వింటే రెండు శాక్సఫోన్లు చెరో పక్క నుంచి వినిపిస్తాయి కాబట్టి ఎవరు కోల్ట్రేనో, ఎవరు ఆడర్లీయో కూడా తేలిగ్గా తెలుస్తుంది.

దీంతో చిక్కేమిటంటే, వంట చేస్తూనో ఈమెయిల్స్ చూసుకుంటూనో పెట్టుకుంటే ఇది చెవుల పక్కనుంచి జారిపోతుంది. అరుపుల్లేవు, మలుపుల్లేవు, చప్పట్లు కొట్టించే ముగింపుల్లేవు. హోటల్ లాబీ మాట వచ్చేది అందుకే.

‘టైమ్ అవుట్’ అలా జారిపోదు. 1958లో డేవ్ బ్రూబెక్ క్వార్టెట్‌ని అమెరికా విదేశాంగ శాఖ పోలండ్, టర్కీ, ఇండియాతో సహా చాలా దేశాలు తిప్పింది. ఇస్తాంబుల్ వీధుల్లో వాయిద్యకారులు తొమ్మిది మాత్రల లయ వాయిస్తుంటే బ్రూబెక్ విన్నాడు. అదే ‘బ్లూ రోండో ఆ లా టర్క్’ అయింది. వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి: రెండు, రెండు, రెండు, మూడు. ఇలా మూడు సార్లు. నాలుగోసారి మాత్రం మూడు, మూడు, మూడు. ఈ నాలుగు వరసలు కలిసి చుట్లు తిరుగుతుంటాయి. తాళం తెలిసినవాళ్ల ముఖం ఇక్కడ వెలిగిపోవడం నేను చూశాను.

ఇక ‘టేక్ ఫైవ్’. ఆల్టో శాక్సఫోన్ వాయించే పాల్ డెస్మండ్ కట్టిన ట్యూన్ ఇది, ఐదు మాత్రలది. మన ఖండచాపు రెండు, మూడుగా విరుగుతుంది: తక తకిట. ఇది తిరగేసి మూడు, రెండుగా విరుగుతుంది: తకిట తక. పియానో మొదటి నుంచి చివరి దాకా ఆ లెక్క వదలకుండా వాయిస్తూనే ఉంటుంది కాబట్టి జో మొరెల్లో డ్రమ్స్ సోలోలో కూడా తాళం మీ చేతిలోంచి జారదు. డెస్మండ్ 1977లో చనిపోతూ దీని రాయల్టీలు అమెరికన్ రెడ్‌క్రాస్‌కి రాసిచ్చాడు.

బ్రూబెక్ గురించి ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. బేస్ వాయించే యూజీన్ రైట్ నల్లజాతీయుడు, మిగతా ముగ్గురూ తెల్లవాళ్లు. రైట్ బదులు తెల్లవాణ్ణి తెచ్చుకోమని దక్షిణాది కాలేజీలు పట్టుబడితే బ్రూబెక్ ఒప్పుకోలేదు, ఆ కచేరీలే వదులుకున్నాడు.

లోపమూ చెప్పాలి. ‘టైమ్ అవుట్’లో ఆ రెండు ట్రాకుల ఎత్తు మిగతా ఐదింటికీ లేదు. ‘స్ట్రేంజ్ మెడో లార్క్’ అందమైనదే గాని చివరి ట్రాకులకి వచ్చేసరికి లెక్క మీదున్న మోజు సంగీతం కంటే ఎక్కువగా వినిపిస్తుంది నాకు. ఈ ఆల్బమ్ మొదటి రోజే మొత్తం ఇచ్చేస్తుంది. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ మొదటి రోజు కొంచెమే ఇస్తుంది, ఏళ్ల తరబడి ఇస్తూనే ఉంటుంది. లయ మీద చెవి ఉన్నవాళ్లు ‘టైమ్ అవుట్’తో లోపలికి రండి. రాగం మీద చెవి ఉన్నవాళ్లకి ‘కైండ్ ఆఫ్ బ్లూ’.

## ఏదీ తేల్చుకోలేకపోతే: మోనిన్

నన్ను ఒక్క పేరే చెప్పమంటే, ఎదుటి మనిషి ఇష్టాలేమిటో అసలు తెలియకపోతే, నేను చెప్పేది ‘మోనిన్’. 1958 అక్టోబర్ 30న, న్యూజెర్సీలోని హాకెన్సాక్‌లో రూడీ వాన్ గెల్డర్ తల్లిదండ్రుల ఇంటి హాల్లో రికార్డయింది. వాన్ గెల్డర్ పగలు కళ్లు పరీక్షించి అద్దాలు రాసే పని చేస్తూ, ఆ హాల్లోనే బ్లూ నోట్, ప్రెస్టీజ్ కంపెనీల రికార్డులు తీశాడు.

మొదటి ట్రాకు మొదటి సెకన్లలోనే విషయం తెలిసిపోతుంది. బాబీ టిమన్స్ పియానో మీద ఒక చిన్న మాటలాంటి ట్యూన్ అంటాడు, మిగతావాళ్లంతా రెండు స్వరాలతో వంత పాడతారు. నల్లజాతివాళ్ల చర్చిలో పాస్టర్ ఒకటి అంటే జనం "ఆమెన్" అనే పద్ధతి అది. ఒక్కసారి వింటే చాలు, కూనిరాగం తీస్తూ తిరుగుతారు. తర్వాత ట్రంపెట్ సోలో ఎత్తుకునే లీ మోర్గన్‌కి అప్పటికి ఇరవై ఏళ్లే. ఆ వయసు పొగరు, ఆ ధాటి ప్రతి స్వరంలో ఉంటాయి. టెనర్ శాక్సఫోన్ వాయించిన బెన్నీ గోల్సన్ రాసిన ట్యూన్లే ఈ రికార్డులో ఎక్కువ, వాటిలో ‘ఎలాంగ్ కేమ్ బెట్టీ’ వదలకండి. వెనకాల ఆర్ట్ బ్లేకీ డ్రమ్స్ అందర్నీ ముందుకి తోస్తూ ఉంటాయి. కారులో, ఇంటి పనిలో, పదిమంది కూర్చున్న గదిలో ఎక్కడైనా నడుస్తుంది. పిల్లలకి కూడా నచ్చుతుంది.

దీన్నుంచి ‘శాక్సఫోన్ కొలోసస్’కి ఒక్క అడుగే. నలుగురే వాయిద్యకారులు, శాక్సఫోన్ ఒక్కటే, కాబట్టి ఒక మనిషి ఆలోచన మొదటి నుంచి చివరి దాకా స్పష్టంగా వినబడుతుంది. కరీబియన్ దీవుల బాణీలోని ‘సెయింట్ థామస్’ వెంటనే నచ్చేస్తుంది. ‘బ్లూ సెవెన్’ కోసం కాస్త కూర్చోవాలి.

## గొంతు కావాలంటే

‘ఎల్లా అండ్ లూయీ’ గురించి ఎక్కువ చెప్పాల్సిన అవసరం లేదు. ఎల్లాది నునుపైన గొంతు, ఆర్మ్‌స్ట్రాంగ్‌ది గరగర గొంతు, వెనకాల ఆస్కార్ పీటర్సన్ బృందం, పదకొండు పాటలు. ఇంగ్లిష్ పాటలు వినే అలవాటున్న ఇంట్లో పెద్దవాళ్లకి కూడా నిస్సంకోచంగా పెట్టొచ్చు. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి. అందరి సోలోలూ దీర్ఘంగా సాగే జాజ్‌కి ఇది పరిచయం కాదు. ఇది నచ్చినంత మాత్రాన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ నచ్చుతుందని లేదు.

## కోపం, దుఃఖం, సందడి: మింగస్

నెమ్మదైన జాజ్ బోరు కొట్టినవాళ్లకి నేను ఇచ్చే మందు ‘మింగస్ ఆ ఉమ్’. చార్లెస్ మింగస్ డబుల్ బేస్ వాయిద్యకారుడు, కానీ ముందు స్వరకర్త. నోట్స్ రాసిచ్చే కంటే పాడి, వాయించి నేర్పడం అతనికిష్టం. ‘బెటర్ గిట్ ఇట్ ఇన్ యువర్ సోల్’లో అతని కేకలు రికార్డులోనే వినిపిస్తాయి. పెద్ద శాక్సఫోనిస్టు లెస్టర్ యంగ్ 1959 మార్చిలో చనిపోయాడు, రెండు నెలలకే రికార్డయిన ‘గుడ్‌బై పోర్క్ పై హ్యాట్’ అతనికి నివాళి. ఏడిపించే ట్యూన్ అది, ఏడిపించాలని చూడకుండానే.

ఇందులోనే ‘ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్’ ఉంది. 1957లో లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూల్‌లోకి తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థుల్ని రానివ్వకుండా నేషనల్ గార్డ్‌ని నిలబెట్టిన ఆర్కాన్సా గవర్నర్ ఓర్వల్ ఫాబస్ మీద వెక్కిరింత ఇది. మాటలతో పాడటానికి కొలంబియా ఒప్పుకోలేదు. అందుకని ఈ ఆల్బమ్‌లో వాయిద్యాలే ఆ గవర్నర్ని వెక్కిరిస్తాయి. 1960లో కాండిడ్ అనే చిన్న కంపెనీకి మింగస్ దాన్ని మాటలతో సహా మళ్లీ రికార్డు చేశాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి.

రోజంతా పని చేసి అలిసిపోయి పడుకునే ముందు మాత్రం ఇది వద్దు.

## కోల్ట్రేన్: ఎప్పుడు, ఏది

కోల్ట్రేన్ పేరు వినే చాలామంది నేరుగా ‘జయంట్ స్టెప్స్’ పెట్టుకుని బెదిరిపోతారు. ఏప్రిల్ 22న ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ముగించిన మనిషే మే మొదటి వారంలో దీన్ని రికార్డు చేశాడంటే ఆశ్చర్యం వేస్తుంది. అక్కడ కార్డ్స్ దాదాపు లేవు. ఇక్కడ అవి ఊపిరి తీసుకునే లోపు మారిపోతుంటాయి. టైటిల్ ట్రాకులో పియానో సోలో వినండి. టామీ ఫ్లానగన్ లాంటి హేమాహేమీ కూడా ఆ వేగానికి తడబడి, మధ్యలో ఒట్టి కార్డ్స్‌తో సరిపెట్టాడు. కీబోర్డో గిటారో వాయించేవాళ్లకి ఆ ఒక్క సోలో ఎంతో నేర్పుతుంది. వాయించనివాళ్లు ముందు ‘నయీమా’ వినండి. భార్య పేరున కట్టిన నెమ్మదైన ట్యూన్ అది, డిసెంబర్‌లో వేరే బృందంతో రికార్డయింది.

‘ఎ లవ్ సుప్రీమ్’ వేరే లోకం. 1964 డిసెంబర్ 9న ఒక్క సిట్టింగ్‌లో, మెక్‌కాయ్ టైనర్, జిమ్మీ గారిసన్, ఎల్విన్ జోన్స్‌తో రికార్డయిన నాలుగు భాగాల నివేదన ఇది. మొత్తం అరగంట పైచిలుకు. మొదటి భాగంలో నాలుగు స్వరాల చిన్న మాటని కోల్ట్రేన్ పన్నెండు శ్రుతుల్లోనూ తిప్పి తిప్పి వాయించి, చివరికి శాక్సఫోన్ దించి అదే మాటని నామజపంలా పలుకుతాడు. ఆఖరి భాగంలో కవర్ మీద అచ్చువేసిన తన ప్రార్థనని శాక్సఫోన్‌తో పదం పదంగా చదువుతాడు. ఆ కవిత చేతిలో పెట్టుకుని వింటే ఎక్కడ ఏ మాట పలుకుతున్నాడో పట్టుకోవచ్చు. కోల్ట్రేన్‌కి మన సంగీతం మీద ఎంత గౌరవమంటే, 1965లో పుట్టిన కొడుక్కి పండిట్ రవిశంకర్ పేరు మీదుగా రవి అని పెట్టుకున్నాడు. భజనలో కూర్చుని మైమరచిపోయే అలవాటున్నవాళ్లు జాజ్ అంటే ఏమిటో తెలియకపోయినా దీంతోనే మొదలుపెట్టొచ్చు. మిగతావాళ్లు తర్వాత రండి, పరవాలేదు.

ఆర్నెట్ కోల్మన్ ‘ది షేప్ ఆఫ్ జాజ్ టు కమ్’ని చివరికి ఉంచుకోండి. పియానో లేదు, సోలోలకి కార్డ్స్ కట్టుబాటు లేదు, అతను వాయించింది ప్లాస్టిక్ శాక్సఫోన్. పైవన్నీ వినకపోతే ఇతను ఏ గోడలు దాటాడో తెలియదు. అయినా ‘లోన్లీ వుమన్’ ఒక్కటి ఇప్పుడే విని చూడొచ్చు, దాని దుఃఖం అర్థం కావడానికి ఏ చదువూ అక్కర్లేదు.

## కొనేటప్పుడు

ముందు స్ట్రీమింగ్‌లో వినండి, నచ్చితేనే ఎల్పీ కొనండి. మన దగ్గర దొరికే జాజ్ ఎల్పీలు చాలావరకు దిగుమతివే, ధర తేలికేం కాదు. స్ట్రీమింగ్‌లో కూడా డీలక్స్ ఎడిషన్లతో జాగ్రత్త. ఒకే ట్యూన్ నాలుగైదు టేకులు వరసగా వచ్చేసరికి కొత్తవాళ్లకి విసుగు పుడుతుంది. అసలు ఎల్పీలో ఎన్ని ట్రాకులున్నాయో చూసుకుని అక్కడ ఆపేయండి.

‘కైండ్ ఆఫ్ బ్లూ’ పాత ప్రింట్లలో మొదటి పక్క ట్రాకులు కొంచెం ఎక్కువ శ్రుతిలో ఉంటాయి. రికార్డింగ్ రోజు టేప్ మెషీన్ నెమ్మదిగా తిరగడం వల్ల వచ్చిన తేడా అది, 1992లో సరిచేశారు. పక్కన కీబోర్డు పెట్టుకుని వాయిద్దామనుకునేవాళ్లు సరిచేసిన ప్రింటే తీసుకోవాలి. ‘మింగస్ ఆ ఉమ్’ మొదటి ఎల్పీలో కొన్ని ట్రాకులు కత్తిరించారు. తర్వాతి ఎడిషన్లలో ఆ ముక్కలు తిరిగి కలిపారు, నా ఓటు వాటికే. ‘శాక్సఫోన్ కొలోసస్’, ‘ఎల్లా అండ్ లూయీ’ మోనోలో (రెండు పక్కలా ఒకే ధ్వని వచ్చేలా) రికార్డయినవి కాబట్టి వాటి మీద స్టీరియో అని రాసి ఉంటే మురిసిపోకండి.

యూరప్‌లో 1963కి ముందు విడుదలైన రికార్డింగుల మీద హక్కుల గడువు తీరిపోయింది. అందువల్ల ఎవరు పడితే వాళ్లు ఈ ఎల్పీలు అచ్చువేసి అమ్ముతున్నారు. కవర్ బొమ్మ మారినా, అసలు కంపెనీ పేరు లేకపోయినా అవి అసలు టేపుల నుంచి తీసినవి కాకపోవచ్చు. ధర తక్కువని తీసుకునే ముందు కవర్ వెనక చూడండి: కొలంబియా, బ్లూ నోట్, ప్రెస్టీజ్, వెర్వ్, అట్లాంటిక్, ఇంపల్స్ పేర్లలో ఆ ఆల్బమ్‌కి చెందినది ఉండాలి.